చెరువు గట్టున ఊపిరి పాఠం

పెద్దలకు, రైతు సోదరులకు నమస్కారం. పిల్లలూ, యూనివర్సిటీలో నేను ఏం చెబుతానో, ఏం పరిశోధిస్తానో మీకు చెప్పమని మీ మాస్టార్లు పిలిచారు. నేను చెప్పేది జంతుశాస్త్రం. అందులో నా మనసంతా ఒక్క పాఠం మీదే ఉంటుంది, ఊపిరి.

మొదట్లో శ్వాసక్రియను బోర్డు మీదే చెప్పేవాణ్ణి. గ్లూకోజు ఎలా విరుగుతుందో పిల్లలు గడగడా అప్పజెప్పేవారు. ఒకరోజు వెనక బెంచీ కుర్రాడు పది గంటల క్లాసుకు పన్నెండింటికి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "తెల్లారగట్ల కరెంటు పోయి, చెరువు నీటికి గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోయాయండి. జనరేటర్ అందుకోలేదండి. రొయ్య చచ్చి తేలిపోయింది" అన్నాడు. ఆ పాఠంలో వాడికి మంచి మార్కులే వచ్చాయి. సరిగ్గా ఆ వేళకే చెరువులో ఆక్సిజన్ ఎందుకు అయిపోయిందంటే మాత్రం చెప్పలేకపోయాడు. నేనెప్పుడూ ఆ పాఠాన్ని చెరువుదాకా తీసుకెళ్లలేదు మరి.

అప్పటి నుంచి గట్టు మీదే చెబుతున్నాను. నీటికి పచ్చదనం ఇచ్చే ప్లాంక్టన్ పగలు ఎండలో ఆక్సిజన్ తయారు చేస్తుంది. చీకటి పడ్డాక అదీ రొయ్యతో పాటే పీల్చుకుంటుంది. అందుకే రాత్రంతా డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, తగ్గుతూ వచ్చి పొద్దు పొడిచే ముందు బాగా పడిపోతుంది. ముసురు పట్టిన రోజు పగటి సంపాదనే తక్కువ, కాబట్టి ఆ రాత్రి టెన్షన్ ఎక్కువ. వేడి కూడా శత్రువే. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే. రొయ్య హాయిగా ఉండాలంటే 4కు తగ్గకూడదు.

ఆ ఆక్సిజన్‌తో కణం తయారు చేసుకునే శక్తి నాణెమే ఏటీపీ. కండరంలో దాన్ని గుర్తించి, తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1929లో ప్రకటించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో పుట్టింది మన భీమవరంలోనే. ఆ పేరు చెప్పకుండా నేను పాఠం ముందుకు నడపను.

ఇక నా పరిశోధన. నేను చూసినంతలో ఆక్సిజన్ కొలిచే మీటరును పైనీటిలోనే ముంచుతారు. రొయ్య తిరిగేది అడుగున. తినని మేత, రెట్ట, చచ్చిన ప్లాంక్టన్ అక్కడ కుళ్లుతూ ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ లాగేస్తాయి. అది అయిపోయిన చోట కొన్ని బాక్టీరియాలు సల్ఫేటుతో బతుకుతూ హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. చెరువు ఎండగట్టినప్పుడు మీకు తగిలే కుళ్లిన గుడ్డు వాసన అదే.

కోరంగి మడ అడవిలో కాలు దిగబడితే అదే నల్ల బురద, అదే వాసన. తెల్లమడ, నల్లమడ చెట్లు ఆ బురదలోంచి పెన్సిళ్లలాంటి వేళ్లను పైకి లేపి, గాలి పీల్చి, కింది వేళ్లకు అందిస్తాయి. నీటిని మార్చడానికి ఆటుపోట్లున్నాయి. మన చెరువులో రొయ్యకు ఈ రెండూ లేవు, ఏరేటరే దిక్కు. అందుకే అడుగు మన్ను గంటకు ఎంత ఆక్సిజన్ మింగుతుందో చెరువులోనూ మడ బురదలోనూ కొలుస్తున్నాను. ఆ లెక్క తేలితే ఏరేటర్ ఎప్పుడు, ఎంతసేపు తిప్పాలో కళ్లు మూసుకుని ఊహించనక్కర్లేదు.

రైతులు ఒప్పుకుంటే ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి గట్టు మీద కలుద్దాం. మీటరు నేను తెస్తాను. పిల్లలూ, మీరు టార్చిలైటు, నోటుపుస్తకం తెచ్చుకోండి. మొదటి కొలత అడుగునే తీద్దాం.