ఉద్దానం కిడ్నీకి జీన్ దొరికిందా? ఏపీఓఎల్1 అసలు కథ ఇదీ

అందరికీ నమస్కారం. ఇచ్ఛాపురం నుంచి ఒక తమ్ముడు నాకో వాట్సాప్ ఫార్వర్డ్ పంపాడు. అందులో ఏముందంటే, "ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణమైన జీన్ దొరికింది, పేరు ఏపీఓఎల్1, అమెరికాలో మందు కూడా రెడీ." దాని కింద ఆ తమ్ముడు అడిగింది ఇదీ: "అన్నా, అంటే ఇది మా రక్తంలోనే ఉన్నట్టా? చెల్లికి సంబంధాలు చూస్తన్నాం. టెస్టు చేయించాలేటి?"

ముందు జవాబు చెప్పేస్తాను, కథ తర్వాత. ఆ జీన్ ఉంది, నిజమే. మందు మాట సగం నిజం. దాన్ని తెచ్చి ఉద్దానానికి అంటగట్టడం మాత్రం శుద్ధ అబద్ధం. ఎందుకో చెప్పాలంటే కిడ్నీ దగ్గర మొదలెడితే కుదరదు, గేదె దగ్గర మొదలెట్టాలి. కంగారు పడకండి, నిజంగానే గేదె.

మానాపురం సంతకో, అలమండ సంతకో పశువుల్ని తోలుకెళ్లే రైతుల్ని సర్రా గురించి అడగండి. జోరీగలు ముసిరే కాలంలో గేదెకి జ్వరం వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. మేత ముట్టదు, పాలు పడిపోతాయి, చూస్తుండగానే డొక్కలు లోపలికెళ్లిపోతాయి. పశువుల డాక్టరు చెవి దగ్గర చుక్క రక్తం తీసి, గాజుపలక మీద వేసి మైక్రోస్కోపులో చూస్తాడు. ఎర్రకణాలన్నీ అటూ ఇటూ కదిలిపోతుంటాయి. ఎవరు కదుపుతున్నారా అని చూస్తే వాటి మధ్యలోంచి సన్నటి జీవి ఒకటి మెలికలు తిరుగుతూ ఈదుకుంటూ పోతుంటుంది. దాని పేరు ట్రిపనోసోమా ఇవాన్సీ. 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు అప్పటి పంజాబులో, డేరా ఇస్మాయిల్ ఖాన్ దగ్గర, గుర్రాల్లో ఒంటెల్లో దీన్ని కనిపెట్టాడు. పేరు ఆయనదే.

ఇప్పుడు అసలు ప్రశ్న. గేదెని కుట్టిన జోరీగే పాలు పితికే మనిషినీ కుడుతుంది. మరి మనిషికి సర్రా ఎందుకు రాదు?

దీని జాడ మొదట పట్టింది లావెరాన్. మలేరియా పరాన్నజీవిని కనిపెట్టినాయనే. జబ్బు చేసిన ఎలుకలకి మనిషి సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే నీరు, ఎక్కిస్తే వాటి రక్తంలో ట్రిపనోసోమ్‌లు చచ్చిపోతున్నాయని 1902లో రాశాడు. సరే, చంపుతోంది ఏది? అది తేలడానికి నూరేళ్లు పట్టింది. 1978లో మేరీ రిఫ్కిన్ అనే శాస్త్రవేత్త అది హెచ్‌డీఎల్‌లో ఉందని చూపించారు. లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టులో మంచి కొలెస్ట్రాల్ అని డాక్టరు చెప్తారే, అందులోనే. 2003లో బ్రసెల్స్‌లో ఎటియెన్ పేస్ బృందం ఆ హెచ్‌డీఎల్‌లో చంపే పని చేసే ప్రోటీన్ ఏదో తేల్చింది. అదే ఏపీఓఎల్1. మన 22వ క్రోమోజోమ్ మీద ఉన్న జీన్.

ఇది చంపే పద్ధతి నాకు భలే ఇష్టం. ట్రిపనోసోమ్‌కి కొవ్వు కావాలి, అందుకని మన హెచ్‌డీఎల్‌ని అదే లోపలికి లాక్కుంటుంది. దాంతోపాటు ఏపీఓఎల్1 కూడా లోపలికెళ్తుంది. జీర్ణం చేసుకునే లైసోజోమ్ అనే సంచి దాకా, ఆ పుల్లటి చోటు దాకా చేరగానే ఆ సంచి గోడలోకి దూరి కన్నం పెడుతుంది. అయాన్లు లోపలికొస్తాయి, వాటి వెనకాల నీరొస్తుంది. సంచి ఉబ్బుతుంది, ఉబ్బుతుంది, ఆఖరికి ఆ జీవే పోతుంది. టీకా వేసుకుంటేనో ఒకసారి జబ్బు పడి లేస్తేనో వచ్చే రక్షణ కాదిది, పుట్టుకతోనే ఒంట్లో ఉండేది. గొరిల్లాకి ఉంది, చింపాంజీకి లేదు.

ఈ రక్షణ లేకపోతే ఏమవుతుంది? దానికి సాక్ష్యం మన దేశంలోనే దొరికింది. 2004లో మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఒక రైతుకి నెలల తరబడి వచ్చిపోయే జ్వరం. రక్తం చూస్తే పశువుల్లో ఉండాల్సిన ట్రిపనోసోమా ఇవాన్సీ! సురామిన్ అనే మందిచ్చి నయం చేశారు. ఆయన రక్తాన్ని బ్రసెల్స్ బృందం పరీక్షించింది. ఏపీఓఎల్1 ప్రోటీన్ అసలు లేదు. అమ్మ నుంచి వచ్చిన కాపీ, నాన్న నుంచి వచ్చిన కాపీ, రెండూ చెడిపోయాయి. ఆయన సీరంలో బయటి నుంచి ఏపీఓఎల్1 కలిపితే మళ్లీ ట్రిపనోసోమ్‌లు చచ్చిపోయాయి. 2006లో ఇది అచ్చయింది. ఇంకో సంగతి, దీన్ని గట్టిగా పట్టుకోండి: ఆ రైతు కిడ్నీలు బాగానే ఉన్నాయి. అంటే కిడ్నీ పనిచెయ్యడానికి ఈ ప్రోటీన్ అక్కర్లేదు.

మరి కిడ్నీ గొడవ ఎక్కడొచ్చింది? ఆఫ్రికాలో. అక్కడ రెండు రకాల ట్రిపనోసోమ్‌లు మన ఏపీఓఎల్1ని తప్పించుకోడం నేర్చాయి. ఒక రకం ఎస్ఆర్ఏ అనే ప్రోటీన్‌తో దాన్ని పట్టి బంధించేస్తుంది. ట్సెట్సీ ఈగ కుట్టి మనుషులకు నిద్రజబ్బు తెచ్చేది ఇవే. దానికి బదులుగా అక్కడి మనుషుల్లో ఏపీఓఎల్1 రెండు కొత్త రూపాలు ఎత్తింది. జీ1, జీ2 అంటారు. ఒక కాపీ ఉంటే నిద్రజబ్బు నుంచి ఎంతో కొంత రక్షణ. రెండు కాపీలూ అవే అయితే కిడ్నీకి ముప్పు. సీతంపేట ఏజెన్సీ వాళ్లకి ఇది కొత్త కాదు, సికిల్ సెల్ అనే రక్తం జబ్బు లెక్క కూడా ఇదే కదా. ఒక కాపీ మలేరియా నుంచి కాస్తుంది, రెండైతే మనిషిని కాల్చుకు తింటుంది.

అమెరికాలో నల్లజాతి వాళ్లకి కిడ్నీలు ఎక్కువగా ఎందుకు పోతున్నాయని చాలాకాలం వెతికారు. 2008లో ఎంవైహెచ్9 అనే జీన్ మీద వేలు పెట్టారు. పేపర్లొచ్చాయి, పేరొచ్చింది. తీరా 2010లో బోస్టన్‌లోని మార్టిన్ పొలాక్ బృందం చూస్తే, దొంగ పక్కింట్లో ఉన్నాడు, వాడే ఏపీఓఎల్1. ఆ రెండు జీన్లూ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి, తరతరాలుగా కలిసే వస్తుంటాయి, అందుకని నింద ఎంవైహెచ్9 మీద పడింది. పేరున్న లేబుల్లో, పెద్ద పత్రికల్లో జరిగిన పని ఇది. "జీన్ దొరికింది" అని ఎవరైనా అంటే నేను వెంటనే తలూపకపోడానికి కారణం ఈ రెండేళ్ల ముచ్చటే.

ఇంకోటి. జీ1, జీ2 రెండు కాపీలున్నా అందరికీ జబ్బు రాదు, చాలామంది జీవితాంతం బాగానే ఉంటారు. ఏదో ఒక రెండో దెబ్బ పడాలి. హెచ్‌ఐవీ లాంటి ఇన్‌ఫెక్షన్ వస్తే ఒంట్లో ఇంటర్‌ఫెరాన్ అనే రక్షణ ప్రోటీన్ పెరుగుతుంది, అది ఏపీఓఎల్1ని ఎక్కువగా తయారు చేయిస్తుంది, అప్పుడు కిడ్నీలో వడపోత చేసే పోడోసైట్ కణాలు దెబ్బతింటాయి. అదీ రక్తంలో తిరిగే ప్రోటీన్ వల్ల కాదు, కిడ్నీ తనలో తాను తయారు చేసుకున్న దాని వల్ల. ఎలా తెలిసిందంటే, కిడ్నీ మార్పిడుల్లో. ఇచ్చినవాళ్లకి రెండు కాపీలుంటే ఆ కిడ్నీ తొందరగా పాడవుతోంది. పుచ్చుకున్నవాళ్ల జీన్‌తో అంత తేడా కనపడలేదు.

ఇప్పుడు రండి మన ఊరికి, శ్రీకాకుళం జిల్లా ఉద్దానానికి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం. జీడిమామిడి, కొబ్బరి, పనస తోటల మధ్య షుగరూ బీపీ లేని మనిషికి క్రియాటినిన్ (కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగేది) పెరిగిపోవడం ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. ఏపీఓఎల్1 జబ్బులో దెబ్బ తగిలేది వడపోత గుత్తులకి, అంటే గ్లోమెరులస్‌కి. మూత్రంలో ప్రోటీన్ ధారాళంగా పోతుంది. ఉద్దానం జబ్బులో ప్రోటీన్ పెద్దగా పోదు, కాళ్ల వాపు తొందరగా కనపడదు, ఎక్కువగా దెబ్బతినేది నాళికలూ వాటి చుట్టూ ఉన్న కండా. అందుకే మనవాళ్లకి ఆఖరి దాకా తెలీదు. ఒకటే అవయవం గానీ జబ్బులు వేరు. పైగా జీ1, జీ2 ఆఫ్రికా మూలాలున్న వాళ్లలో కనిపించేవి, మన దేశంలో మామూలు జనాభాలో దాదాపు ఉండవు.

ఉద్దానానికి కారణమేటన్నది ఇంకా తేలలేదు. నీళ్లు, ఎండలో ఒళ్లు హూనమయ్యే పని, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశంలో ఏదైనా ఉందా, అన్నీ చూస్తూనే ఉన్నారు. జీన్ల పాత్ర ఏమాత్రం లేదని నేననడం లేదు. ఈ జీన్ మాత్రం కాదు.

మందు సంగతి. ఇనాక్సాప్లిన్ అని ఒకటుంది. కిడ్నీ కణాల్లో ఏపీఓఎల్1 పెట్టే అలాంటి కన్నాన్నే మూసే మందు. 2023లో వచ్చిన ఫలితాల్లో, రెండు కాపీలున్న 13 మందిలో మూత్రంలో ప్రోటీన్ సగటున 47.6 శాతం తగ్గింది. మంచి కబురే, కాదనను. పదమూడు మందే అన్నది మర్చిపోకండి. పలాసలో డయాలసిస్ మీదున్న మన పెద్దాయనకి మాత్రం అది ఎందుకూ పనికిరాదు, ఆ కన్నమే ఆయన కిడ్నీలో లేదు కదా మూయడానికి.

తమ్ముడూ, నీ ప్రశ్నకి వస్తాను. చెల్లికి ఏపీఓఎల్1 టెస్టు చేయించకు, డబ్బులు దండగ. పెళ్లివారెవరైనా ఆ ఫార్వర్డ్ చూపించి "మీ రక్తంలో ఉందట కదా" అంటే ఈ వీడియో వాళ్లకి పంపు. ఇంట్లో అందరికీ, పెళ్లీడుకొచ్చిన పిల్లకొక్కదానికే కాదు, అమ్మానాన్నకీ నీకూ కూడా, క్రియాటినిన్ చేయించు. పీహెచ్‌సీలో అడుగు. ఒళ్లునొప్పులని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని మింగే అలవాటు మీ నాన్నకుంటే, అది ఇవాళే మాన్పించు.