కూలి డబ్బు ఎవరి చేతిలో పడింది?

శ్రోతలకు నమస్కారం.

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం. ఈ ఊళ్ళలో చిన్నదో పెద్దదో వ్యాపారం నడుపుకుంటున్న తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. రైస్ మిల్లు, టిఫిన్ హోటల్, బట్టల కొట్టు, ఇటుకబట్టీ, ఇళ్ళు కట్టే కాంట్రాక్టు. ఏ పనికైనా మనుషులు కావాలి. మనుషులు కావాలంటే మనం ఏం చేస్తాం? కూలీలను కుదిర్చి తెచ్చే సర్దారుకి ఫోన్ చేస్తాం. "పదిమంది కావాలి, సోమవారానికి దింపు" అంటాం. సోమవారం పొద్దున్నే పదిమంది దిగుతారు. పేర్లు సర్దారు చెప్తాడు, వయసులు సర్దారు చెప్తాడు, కూలి సర్దారు పట్టుకెళ్తాడు.

నేను లాయర్ని కాను. కొట్లకీ మిల్లులకీ జీతాల రిజిస్టర్లు రాసుకునే మనిషిని. మనుషుల్ని పనిలో పెట్టుకునేటప్పుడు యజమాని నెత్తికి చుట్టుకునే చట్టాలు చాలా ఉన్నాయి. అన్నీ చెప్పాలంటే ఈ పూట చాలదు. ఒక్క రూపాయి కథ చెప్తాను. నాకు చాలా ఇష్టమైన కథ.

1982. ఢిల్లీలో ఆసియా క్రీడలు జరగబోతున్నాయి. స్టేడియాలు లేస్తున్నాయి, ఫ్లైఓవర్లు లేస్తున్నాయి. పని చేయించేది సాక్షాత్తూ ప్రభుత్వం. ప్రభుత్వం పనిని కాంట్రాక్టర్లకిచ్చింది. కాంట్రాక్టర్లు జమాదార్లకి చెప్పారు. జమాదార్లు రాజస్థాన్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, మన ఒడిశా నుంచి కూలీలను తోలుకొచ్చారు. జమాదారంటే ఎవరో కాదు, మన సర్దారే.

అప్పటి కనీస కూలి రోజుకి 9 రూపాయల 25 పైసలు. కాంట్రాక్టర్ ఆ డబ్బు జమాదారు చేతిలో పెట్టేవాడు. జమాదారు అందులోంచి ఒక్క రూపాయి తన కమిషన్ కింద తీసుకుని, మిగతా 8 రూపాయల 25 పైసలు కూలీకి ఇచ్చేవాడు. ఒక్క రూపాయి! పని చూపించాడు, రైలెక్కించి తెచ్చాడు, ఒక రూపాయి తీసుకుంటే తప్పేముంది అనుకునే రోజులవి. ఇప్పుడు మాత్రం అనుకోవడం లేదా?

ముగ్గురు సామాజిక పరిశోధకులు ఆ పనులు జరిగే చోట్లకి వెళ్ళి చూసి ఒక నివేదిక రాశారు. ఒక పౌరహక్కుల సంఘం దాన్ని జతచేసి సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎన్. భగవతికి ఉత్తరం రాసింది. మామూలు ఉత్తరమే. దాన్నే కోర్టు పిటిషన్‌గా తీసుకుంది.

ప్రభుత్వం తరఫున ఏం వాదించారో తెలుసా? మేం పని కాంట్రాక్టర్లకి ఇచ్చాం, చట్టం తప్పితే తప్పింది కాంట్రాక్టర్లు, మాకేం సంబంధం అన్నారు. కోర్టు ఒప్పుకోలేదు. పని ఎవరిదో బాధ్యత కూడా వాళ్ళదే అంది. ఇంకో మాట కూడా అంది. కనీస కూలి కంటే తక్కువకి పనిచేయించుకుంటే అది వెట్టిచాకిరీ లాంటిదే, రాజ్యాంగంలోని 23వ అధికరణ దాన్ని నిషేధించింది అని. వాడు ఇష్టపడే వచ్చాడండీ అంటే కుదరదు, ఆకలి తోసుకొస్తే వచ్చినవాడిది ఇష్టం కాదు అని. ఆ అధికరణ ప్రభుత్వానికే కాదు, మనలాంటి ప్రైవేటు యజమానులకీ వర్తిస్తుంది అని. తీర్పు వచ్చింది 1982 సెప్టెంబర్ 18న.

ఒక్క రూపాయి, వినండి. యజమాని ఎగ్గొట్టిన రూపాయి కాదది. యజమాని పూర్తిగా ఇచ్చాడు. మధ్యలో జారిపోయింది. అయినా బోనులో నిలబడింది యజమానే.

మన దగ్గరికి వద్దాం. ఆమధ్య ఒక మిల్లులో రిజిస్టర్ చూశాను. నెల మొత్తం సంతకాలు ఒకే పెన్నుతో ఉన్నాయి. ఒకటే వంపు, ఒకటే సిరా. వేలిముద్రలైతే వరసగా ఒకే బొటనవేలివి, పక్కన పేర్లు మాత్రం వేరు. ఒక్కరోజు సాయంత్రం కూర్చుని వేసేసినట్టున్నారు. తనిఖీకి వచ్చినవాళ్ళకి భూతద్దం అక్కర్లేదు. ఇదేమిటండీ అంటే యజమాని అన్న మాట: "నాకేటి సంబంధం బాబూ? డబ్బు సర్దారుకి లెక్కపెట్టి ఇచ్చీసేను కదా!"

ఢిల్లీలో ప్రభుత్వం అన్నదీ ఇదే కదా.

2025 నవంబర్ 21 నుంచి 29 కేంద్ర కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత చట్టాలు పోయాయి, ఇక టెన్షన్ లేదు అని కొందరు సంబరపడుతున్నారు. అదేం లేదు. కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే సంస్థ యజమాని ఇచ్చుకోవాలన్న మాట వేతన కోడ్‌లోనూ ఉంది. అంటే సర్దారు డబ్బుతో ఉడాయిస్తే మీరు రెండోసారి కట్టాలి. పైగా పనిలో పెట్టుకున్న ప్రతి మనిషికీ నియామక పత్రం ఇవ్వాలన్నది ఇప్పుడు కొత్తగా వచ్చి చేరింది.

మన సరిహద్దులో ఇంకో తిరకాసు ఉంది. కూనేరు నుంచి రాయగడకి పనికి వచ్చేవాడు ఆంధ్ర మనిషి, చట్టం లెక్కలో అంతర్రాష్ట్ర వలస కార్మికుడు. మల్కన్‌గిరి నుంచి కొండలన్నీ దాటుకుని పగలంతా ప్రయాణం చేసి వచ్చినవాడు కాదు, రాష్ట్రం ఒకటే కాబట్టి. అలాంటి పొరుగు రాష్ట్రం వాళ్ళు పదిమందో అంతకు మించో ఉంటే రానుపోను ఖర్చుల దగ్గర్నుంచి ప్రత్యేక నిబంధనలు మొదలవుతాయి. కూలి రేటుకి మాత్రం మనిషిది ఏ ఊరు అన్నది లెక్కలోకి రాదు. పని ఒడిశాలో జరిగితే ఒడిశా కనీస వేతనమే. "వాళ్ళూళ్ళో ఇంతకన్నా తక్కువేనండీ" అన్న మాట ఎక్కడా చెల్లదు.

అడ్వాన్సు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. దాదన్ కూలీల కోసం, అంటే అడ్వాన్సు ఇచ్చి వేరే చోటికి పనికి తీసుకెళ్ళే కూలీల కోసం, ఒడిశా 1975లోనే చట్టం చేసింది, అంటే ఈ జబ్బు ఎంత పాతదో చూడండి. అడ్వాన్సు ఇవ్వడం నేరం కాదు. "అడ్వాన్సు తీరేదాకా కదలడానికి లేదు" అనడం నేరం. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద మూడేళ్ళ దాకా జైలు. ఆధార్ కార్డు లాక్కుని బీరువాలో పెట్టుకోవడం కూడా ఆ దారిలోకే లాక్కెళ్తుంది.

వయసు సంగతి. హోటళ్ళవాళ్ళు కాస్త చెవి పెట్టండి. కుర్రాడి ఆధార్ చూస్తారు, జనవరి 1 అని ఉంటుంది. మన కొండ ఊళ్ళలో ఎంతమంది జనవరి 1న పుట్టారో! తేదీ తెలియనివాళ్ళకి రాసే తేదీ అది. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. స్కూలు సర్టిఫికెట్ అడగండి, లేదా జనన ధ్రువపత్రం. పద్నాలుగేళ్ళ లోపు పిల్లవాడు మీ హోటల్లో కప్పులు కడుగుతూ దొరికితే ఆరు నెలల నుంచి రెండేళ్ళ జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ. "సర్దారు పద్దెనిమిది అన్నాడండీ" అంటే వినేవాళ్ళుండరు.

చూశారా, ఎటు తిరిగినా సర్దారు దగ్గరికే వస్తున్నాం. నా ఉద్దేశం చెప్తాను. తప్పు సర్దారుది మాత్రమే కాదు. మనం మాట్లాడేది తెలుగు, సర్దారు ఒడియా మాట్లాడతాడు, కూలీ కువిలోనో సవరలోనో మాట్లాడతాడు. కూలి ఎంతో కూలీకి చెప్పేది సర్దారు, కూలీ ఒప్పుకున్నాడని మనకి చెప్పేదీ సర్దారు. అందులోంచి కమిషన్ తీసుకునేదీ ఆయనే. ఇంతకంటే అనువైన చోటు ఎవరికి దొరుకుతుంది? అయినా నెలల తరబడి మన ఆవరణలో పనిచేసిన మనిషితో ఒక్కసారి కూడా నేరుగా మాట్లాడని యజమానులున్నారు. అది నాకు నచ్చదు.

కాబట్టి ఒక్క పని చేయండి. మనిషి దిగిన రోజునే, సర్దారు కాని ఇంకొకరిని, ఆ భాష వచ్చిన పాత కూలీనో పక్క కొట్టు కుర్రాడినో పిలిచి, ముగ్గురూ కూర్చోండి. పని ఏమిటి, రోజుకి ఎంత, డబ్బు ఏ తేదీన పడుతుంది, ఇవి ఆ మనిషికి తెలిసే భాషలో చెప్పించండి. అవే మాటలు ఒడియాలో ఒక కాగితం మీద రాయించి, ఒక కాపీ ఆ మనిషికిచ్చి, రెండో దాని మీద సంతకం తీసుకుని ఫైల్లో పెట్టుకోండి.

కూలి డబ్బు కూలీ సొంత ఖాతాలో వేయండి. సర్దారుకి కమిషన్ ఇవ్వాలా, ఇవ్వండి, కానీ మీ జేబులోంచి ఇవ్వండి, వేరే వోచర్ మీద, మీ ఖర్చు కింద. కూలీ లెక్కలో ఒక్క రూపాయి తగ్గకూడదు.

ఖాతాలో వేశాం కదా అని ఊరుకోకండి కూడా. ఈ మధ్య పదిమంది ఏటీఎం కార్డులూ కట్టగా సర్దారు దగ్గరే ఉంటున్నాయి, రబ్బరుబ్యాండ్ వేసి. పిన్ నంబర్లు కార్డు కవరు మీదే రాసి ఉంటాయి. ఖాతాకి ఇచ్చిన ఫోన్ నంబరూ ఆయనదే. జీతం పడ్డ మెసేజ్ ఆయనకే వస్తుంది, డబ్బు తీసేదీ ఆయనే. అందుకని మొదటి జీతం వేసిన మర్నాడు కూలీనే పిలిచి అడగండి, "నీ కార్డు ఏదీ, చూపించు" అని. జేబులోంచి తీసి చూపిస్తే సరే. సర్దారు వైపు చూశాడంటే, ఆ సాయంత్రమే సర్దార్ని కూర్చోబెట్టి కార్డులన్నీ ఎవరివి వాళ్ళకి మీ కళ్ళముందే ఇప్పించండి.

సెలవు. నమస్కారం.