ఎస్సై గారు చందా అడిగితే ఇస్తారా? ఖాకీలు పరుగెత్తి సేకరించే విరాళాల కథ

(దృశ్యం: పాలకొల్లు బజారు, ఉదయం. కొట్ల షట్టర్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి.)

యాంకర్: పోలీసు జీపు వచ్చి మీ కొట్టు ముందు ఆగింది అనుకోండి. ఎస్సై గారు దిగి, నవ్వుతూ, "మంచి పనికి చందా పోగు చేస్తున్నామండి" అన్నారు. మీరేం చేస్తారు? గల్లాపెట్టె తెరుస్తారు. ఏ మంచి పని అని అడగరు, రసీదు అసలే అడగరు. ఆయన వెళ్ళగానే పక్క కొట్టాయనకి ఫోన్ చేసి "నీ దగ్గరికీ వచ్చారా?" అంటారు.

సరిగ్గా ఇదే పని, అంటే పోలీసులు విరాళాలు అడగడం, అమెరికాలో నలభై ఏళ్ళ పైనుంచి జరుగుతోంది. మేధో వైకల్యం ఉన్న క్రీడాకారుల కోసం, అంటే కొత్తవి నేర్చుకోవడం, రోజువారీ పనులు చేసుకోవడం కష్టమయ్యేవాళ్ళ కోసం అడుగుతారు. వాళ్ళ ఆటల పోటీల పేరు స్పెషల్ ఒలింపిక్స్. జనం కూడా ఇష్టంగా టీషర్టు కొనుక్కుని మరీ ఇస్తారు. ఆ పద్ధతి ఏమిటో, మన గోదావరి జిల్లాల్లో పెడితే ఏమవుతుందో చూద్దాం.

(దృశ్యం: అమెరికా పటం. మధ్యలో ఒక చుక్క వెలుగుతుంది.)

యాంకర్: 1981. కాన్సాస్ రాష్ట్రంలో విచిటా అనే నగరం. అక్కడి పోలీసు అధిపతి రిచర్డ్ లామన్యన్. స్పెషల్ ఒలింపిక్స్ గురించి జనానికి తెలియాలి, దానికి నాలుగు డబ్బులూ రావాలి అని ఆయన ఆలోచించాడు. కొందరు పోలీసులు కాగడా పట్టుకుని పరుగెత్తారు, అంతే. 1983లో పోలీసు అధిపతుల అంతర్జాతీయ సంఘం దాన్ని తన కార్యక్రమంగా తీసుకుంది. పేరు లా ఎన్‌ఫోర్స్‌మెంట్ టార్చ్ రన్. ఇప్పుడది చాలా దేశాల్లో ఉంది. ఇన్నేళ్ళలో పోగైన సొమ్మును మన లెక్కలో చెప్పాలంటే వేల కోట్ల రూపాయలు.

స్పెషల్ ఒలింపిక్స్ అంటే పారాలింపిక్స్ కాదండోయ్. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. పారాలింపిక్స్‌లో ఎక్కువమంది శారీరక వైకల్యమో చూపు లోపమో ఉన్నవాళ్ళు, దేశంలోనే మేటి ఆటగాళ్ళు. స్పెషల్ ఒలింపిక్స్ మేధో వైకల్యం ఉన్నవాళ్ళది. ఎనిమిదేళ్ళు నిండిన ఎవరైనా పోటీ పడొచ్చు, పైన వయసు పరిమితి లేదు. మొదలుపెట్టింది యూనిస్ కెనెడీ ష్రైవర్, అమెరికా అధ్యక్షుడు కెనెడీ చెల్లెలు. యూనిస్ అక్క రోజ్‌మేరీకి మేధో వైకల్యం ఉండేది. మొదటి అంతర్జాతీయ పోటీలు 1968 జూలైలో షికాగోలో జరిగాయి. మన దేశంలో ఈ పోటీల సంగతి స్పెషల్ ఒలింపిక్స్ భారత్ అనే సంస్థ చూస్తుంది. 2023లో బెర్లిన్‌లో జరిగిన ప్రపంచ క్రీడల్లో మనవాళ్ళు 202 పతకాలు తెచ్చారు, అందులో 76 బంగారువి. ఆ వారం మీ వాట్సాప్ గ్రూపుల్లో ఈ సంగతి ఎంత తిరిగిందో గుర్తు చేసుకోండి.

(దృశ్యం: స్కూలు మైదానం. సున్నంతో గీసిన ట్రాక్. పిల్లలు వంద మీటర్లు పరుగెడుతుంటే ఒకాయన స్టాప్‌వాచ్‌తో కాగితం మీద రాస్తున్నాడు.)

యాంకర్: ఇన్ని పతకాలా, అందరికీ ఊరికే ఇచ్చేస్తారా అని ఒక అనుమానం వస్తుంది. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే ఈ ఆటల అసలు తెలివి ఇక్కడే ఉంది.

ముందు ఒక వడపోత పరుగు పెడతారు. అందులో ఎవరికీ పతకం ఉండదు, సమయం మాత్రం రాసుకుంటారు. ఒకబ్బాయి వంద మీటర్లు 16 సెకన్లలో పరుగెత్తాడు, ఇంకో అబ్బాయికి 27 సెకన్లు పట్టింది. వీళ్ళిద్దరినీ ఒకే వరుసలో నిలబెడితే పోటీ ఏముంటుంది? అందుకని ఆడా మగా, వయసు, సామర్థ్యం చూసి, దగ్గరదగ్గరగా ఉన్నవాళ్ళని ఒక గుంపుగా చేస్తారు. గుంపులో మామూలుగా ముగ్గురి నుంచి ఎనిమిది మంది దాకా ఉంటారు. ఆ తర్వాతే అసలు పరుగు. 27 సెకన్ల పిల్లవాడికీ పక్కన తనలాంటివాడే ఉంటాడు కాబట్టి చివరి పది మీటర్లు ప్రాణం పెట్టి పరుగెత్తాల్సిందే. మరి వడపోతలో కావాలని మెల్లగా పరుగెత్తి, ఫైనల్‌లో దుమ్ము లేపేస్తే? దానికీ నిబంధన ఉంది. ముందు చూపిన దానికన్నా మరీ మెరుగైతే పోటీ నుంచి తీసేస్తారు. కోచ్‌లకి దీనితో మంచి టెన్షన్.

(దృశ్యం: మంచు గడ్డలు తేలే చెరువు బొమ్మ. తర్వాత హోటల్లో ట్రే మోస్తున్న పోలీసు బొమ్మ.)

యాంకర్: ఇక డబ్బు సంగతి. అక్కడి పోలీసులు కాగడా పరుగు టీషర్టులు అమ్ముతారు. హోటళ్ళలో ఒక పూట సర్వర్లుగా వడ్డించి, వచ్చిన టిప్పులు విరాళంగా ఇస్తారు. జట్లుగా చేరి తాడుతో విమానాన్ని లాగుతారు. చలికాలంలో గడ్డకట్టే నీళ్ళలో దూకుతారు, దూకినందుకు తెలిసినవాళ్ళు డబ్బు కడతారు. ఈ చివరిది మన దగ్గర పనికిరాదు. కార్తీకంలో తెల్లవారుజామున గోదావరిలో మునిగేవాళ్ళు ఘాటుకి వందల మంది, ఎవరికీ ఎవరూ పైసా ఇవ్వరు!

వీటన్నిట్లో ఒక పోలిక గమనించారా? పోలీసు ముందు తాను ఏదో ఒకటి చేస్తున్నాడు. చెమట పడుతున్నాడు, వడ్డిస్తున్నాడు, వణుకుతున్నాడు. అధికారం ఉన్న మనిషి అధికారం పక్కన పెట్టి నలుగురి ముందు నవ్వులపాలవడానికి సిద్ధపడ్డాడు కాబట్టే ఇచ్చేవాడికి భయం పోయింది. కొట్టు కొట్టుకీ తిరిగి అడిగితే అది వసూలు అవుతుంది. ఎంత మంచి పనికైనా సరే.

మన నియమాలూ దీన్ని గుర్తించాయి. ప్రభుత్వ ఉద్యోగి ముందస్తు అనుమతి లేకుండా చందాలు అడగకూడదని ప్రవర్తనా నియమావళిలోనే ఉంది. ఐపీఎస్ అధికారులకైతే 1968 నాటి అఖిల భారత సర్వీసుల నియమావళి ఇదే చెబుతుంది. కాబట్టి ఏ సీఐ గారో ఉత్సాహపడి రేపే డబ్బా పట్టుకుని బయల్దేరడం కుదరదు. నన్నడిగితే అది మంచిదే.

(దృశ్యం: ధవళేశ్వరం బ్యారేజీ. గేట్ల కింద నీళ్ళ హోరు.)

యాంకర్: మరి మన దగ్గర ఎలా? నా ఆలోచన చెబుతాను. పోలీసుల చేతికి ఒక్క రూపాయి కూడా రాకూడదు. డబ్బు నేరుగా ఆటలు నడిపే సంస్థ ఖాతాలోకి వెళ్ళాలి, విరాళాలకి పన్ను మినహాయింపు గుర్తింపు ఉన్న సంస్థ అయితే ఇచ్చినవాళ్ళకి పన్ను రసీదు కూడా వస్తుంది. ఎవరిచ్చారు, ఎవరివ్వలేదు అన్న జాబితా స్టేషన్‌కి అస్సలు చేరకూడదు. పోలీసు శాఖ ఇవ్వాల్సింది మూడే: అనుమతి, రోడ్డు, మనుషులు.

ఒక ఆదివారం ఉదయం ఆరింటికి ధవళేశ్వరం నుంచి విజ్జేశ్వరం దాకా బ్యారేజీ మీద పరుగు. ముందు వరుసలో పిల్లలు, పక్కనే కానిస్టేబుళ్ళు, హోంగార్డులు. మండపేటలో అయితే ధాన్యం లోడు లారీని తాడు కట్టి లాగే పోటీ పెట్టండి, స్టేషన్‌కి ఒక జట్టు. మిల్లుల వాళ్ళు ఒక్కో జట్టు మీద పందెం కాసినట్టే విరాళం కడతారు, ఈసారి మాత్రం చట్టబద్ధంగా! సంక్రాంతికి కోడిపందేల దగ్గర ఎస్సై గారిని చూసి పరుగెత్తే జనం, ఆయన లారీ లాగుతుంటే చూడ్డానికి ఎగబడరా చెప్పండి.

(దృశ్యం: రాజోలు బస్టాండు. ఒక తల్లి, పక్కన పదిహేనేళ్ళ అబ్బాయి, చేతిలో సంచి.)

యాంకర్: ఈ డబ్బు దేనికి? క్రీడాకారుల దగ్గర స్పెషల్ ఒలింపిక్స్ ఫీజు తీసుకోదు. కానీ మైదానం దాకా రావడానికే ఖర్చు ఉంది. రొయ్యల చెరువు మీద పనిచేసే నాన్న పిల్లవాడితో రాష్ట్ర పోటీలకి రావాలంటే రెండు మూడు రోజుల కూలి పోతుంది. బస్సు, తిండి, బస, కాలికి సరిపడే బూట్లు, కూడా ఉండే మనిషి. చాలామంది పిల్లలు ఆగిపోయేది ఇక్కడే.

ఇంకొకటుంది, డెల్టాలో దీన్ని అన్నిటికన్నా ముందు పెడతాను. ఈత. ఇంటి ముందు పంట కాలువ, వెనక చెరువు ఉండే ఊళ్ళు మనవి. ప్రమాదం వెంటనే పోల్చుకోలేని పిల్లవాడు గట్టు మీద ఒంటరిగా ఉంటే తల్లికి కంటి మీద కునుకుండదు. స్పెషల్ ఒలింపిక్స్‌లో ఈత కూడా ఒక క్రీడే. ఒక్కో పిల్లవాడి పక్కన ఒక్కో శిక్షకుడు నీళ్ళలో ఉండి నేర్పాలి కాబట్టి ఖర్చెక్కువ. విరాళాల్లో మొదటి వాటా దీనికే పోవాలి.

(దృశ్యం: తీర్థంలో జనం, పోలీసు ఔట్‌పోస్టు, మైకులో తప్పిపోయినవాళ్ళ పేర్లు.)

యాంకర్: పోలీసులకి ఇందులో ఏం లాభం? చాలానే ఉంది. అంతర్వేది తీర్థంలోనో, 2027 పుష్కరాల్లోనో ఒక కుర్రాడు తప్పిపోయి దొరికాడు అనుకోండి. పేరడిగితే చెప్పడు, భుజం మీద చెయ్యేస్తే అరుస్తాడు. తెలియని కానిస్టేబుల్ తాగాడనుకుంటాడు, లేదా పొగరనుకుంటాడు. అలాంటి పిల్లలతో నెలకోసారి పరుగెత్తిన కానిస్టేబుల్‌కి మాత్రం చిన్న మాటల్లో, ఒక్కొక్కటిగా అడగాలని, జవాబుకి ఆగాలని తెలుస్తుంది. చట్టం కూడా ఇది ఆశిస్తోంది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షన్ ప్రకారం, మానసిక లేదా శారీరక వైకల్యం ఉన్న సాక్షిని స్టేషన్‌కి రమ్మని బలవంతపెట్టకూడదు, వాళ్ళ ఇంటి దగ్గరే విచారించాలి.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఇలాంటి పిల్లలుంటే, మండలంలో భవిత కేంద్రం, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం, ఎక్కడుందో స్కూల్లో కనుక్కోండి. అక్కడి టీచర్ని స్పెషల్ ఒలింపిక్స్ భారత్ రాష్ట్ర శాఖలో పేరు ఎలా నమోదు చేయించాలో అడగండి. వైకల్య ధ్రువపత్రం, ఆధార్ దగ్గర పెట్టుకోండి, డాక్టరు పరీక్ష కూడా ఉంటుంది. ఈ వీడియో చూస్తున్న పోలీసు మిత్రులెవరైనా ఉంటే, ఎస్పీ ఆఫీసుకి అనుమతి కోరుతూ రాసే ఉత్తరం నమూనా కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాం. లారీ లాగుడుకి తేదీ కుదిరితే కామెంట్‌లో చెప్పండి, కెమెరా పట్టుకుని మేమొస్తాం.