చదివింపుల పుస్తకం కంప్యూటర్‌లోకి: లిబ్రేఆఫీస్ బేస్ ఎంట్రీ తెరలపై రివ్యూ

నమస్కారం. ఈ రోజు రివ్యూకు తీసుకున్నది లిబ్రేఆఫీస్ అనే ఆఫీస్ ప్యాకేజీలోని డేటాబేస్ ప్రోగ్రాం, బేస్. డేటాబేస్ ప్రోగ్రాం అనగానే పట్టికలు, క్వెరీలు (పట్టికలను అడిగే ప్రశ్నలు), రిపోర్టులు అన్నింటినీ పైపైన చూపించి ముగించడం మామూలే గాని, ఈ వీడియోలో నేను ఒక్క భాగాన్నే పరిశీలిస్తాను. అది సమాచారాన్ని ఎక్కించే తెర, బేస్ పరిభాషలో ఫారం. ఇంట్లో పెట్టుకున్న డేటాబేస్ నాలుగు కాలాలు నిలవడమైనా, మూలపడడమైనా ఈ తెర మీదే ఆధారపడి ఉంటుందని నా అభిప్రాయం. పట్టికలను ఎంత పద్ధతిగా కట్టినా, ఎక్కించేవారికి నాలుగో పేజీ దగ్గర విసుగు పుడితే ఐదో పేజీ ఎప్పటికీ ఎక్కదు.

పరీక్షకు చదివింపుల పుస్తకాన్ని ఎంచుకున్నాను. నేను ఉంటున్న చెన్నైలో తెలుగువారి ఇళ్లలో పెళ్లికీ, గృహప్రవేశానికీ, ఓణీల వేడుకకూ వచ్చినవారు చదివించిన మొత్తాన్ని రాసి ఉంచుకునే నోటుపుస్తకం ఇది; తమిళుల ఇళ్లలో మొయ్ పుస్తకం చేసే పని కూడా ఇదే. రేపు వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు మనం ఎంత చదివించాలో తెలియాలంటే ఈ పుస్తకం చూడాలి, సరిగ్గా ఆ వేళకే అది ఏ అటక మీద ఉందో ఎవరికీ గుర్తుండదు. ఇంటి డేటాబేస్‌కు ఇంతకంటే తగిన సరుకు నాకు కనిపించలేదు.

ముందుగా బేస్ తనంతట తాను ఏమి తయారుచేసి ఇస్తుందో చూద్దాం. ఫారం విజార్డ్‌ను తెరిస్తే అది మెట్టుమెట్టుగా ఫీల్డులను, అంటే పట్టికలోని నిలువు వరుసలను, ఎంచుకోమంటుంది, సబ్‌ఫారం (ఫారం లోపల మరో ఫారం) కావాలా అని అడుగుతుంది, అమరిక ఎలా ఉండాలో అడుగుతుంది, చివరికి పేరు పెట్టమంటుంది. ఇప్పుడు మీరు తెరపై చూస్తున్నది విజార్డ్ ఇచ్చిన ఫారం. పనిచేస్తుంది, కానీ ఇది పట్టికను నిర్మించిన మనిషి మనసులోని వరుసలో ఉంది. ఐడి మొదట, ఆ తరువాత కార్యం సంఖ్య, ఆ తరువాత పేరు. పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నవారి కన్ను మాత్రం పేరు, ఊరు, మొత్తం అనే వరుసలో కదులుతుంది. తెర కూడా ఆ కంటి వెంటే నడవాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే మిగిలిన నిర్ణయాలలో సగం వాటంతట అవే తేలిపోతాయి.

అందుకని నేను ఫారంను ఇలా మార్చాను. పైన ప్రధాన ఫారంలో శుభకార్యం పేరు, తేదీ, మండపం ఉంటాయి; కింద సబ్‌ఫారం ఒక గడుల పట్టికలా ఉండి, అందులో పేజీ సంఖ్య, పేరు, ఊరు, మొత్తం, వస్తువు అనే నిలువు వరుసలు ఉంటాయి. రెండింటినీ కార్యం సంఖ్యతో కలిపితే, పైన ఒక పెళ్లిని ఎంచుకున్న తరువాత కింద చేర్చే ప్రతి వరుసకూ ఆ పెళ్లి సంఖ్యను బేస్ తానే రాసుకుంటుంది. మూడు వందల చదివింపులు ఎక్కించేటప్పుడు పెళ్లి వివరం ఒక్కసారే టైప్ చేయడం చిన్న ఆదా కాదు. ఐడి, కార్యం సంఖ్య అనే నిలువు వరుసలను శీర్షికపై కుడి క్లిక్ చేసి దాచేశాను. వాటితో ఎక్కించేవారికి పని లేదు. ఒక హెచ్చరిక మాత్రం అవసరం. డేటాబేస్ పట్టికకు ప్రైమరీ కీ, అంటే ప్రతి వరుసనూ విడిగా గుర్తించే ఐడి వంటి ఫీల్డు, పెట్టకపోతే బేస్ అందులో కొత్త వరుసలను రాయనివ్వదు, కాబట్టి ఐడిని దాచాలే గాని తీసేయకూడదు.

ట్యాబ్ కీ నొక్కుతూ పోతే గడి నుంచి గడికి, వరుస చివర నుంచి కొత్త వరుసకు వెళుతుంది, కనుక మౌస్ ముట్టుకోకుండా పేజీ పూర్తవుతుంది. ఆ పట్టికలో నుంచి బయటికి రావాలంటే కంట్రోల్, ట్యాబ్ కలిపి నొక్కాలి. ఈ సంగతి తెలియనివారు పట్టికలో చిక్కుకుపోయామనుకుంటారు. గడుల పట్టిక వద్దనుకుని విడివిడి పెట్టెలతో ఫారం కట్టుకునేవారు డిజైన్ రీతిలో యాక్టివేషన్ ఆర్డర్ అనే బటన్ నొక్కి, ట్యాబ్ ఏ పెట్టె తరువాత ఏ పెట్టెకు వెళ్లాలో తప్పకుండా సరిచూసుకోవాలి. పెట్టెలను తెరపై అటూఇటూ జరిపినంత మాత్రాన ఆ వరుస మారదు.

తెలుగులో ఎక్కించేవారికి ఇక్కడ రెండు ప్రత్యేకమైన విషయాలున్నాయి. మొదటిది ఎత్తు. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే పెట్టెలో లక్ష్మి, కృష్ణమూర్తి వంటి పేర్లు పెడితే కింది ఒత్తులు తెగిపోయి కనిపిస్తాయి, కనుక పెట్టె ఎత్తునూ గడుల వరుస ఎత్తునూ పెంచి, నిర్మలా యూఐ వంటి స్పష్టమైన ఫాంటును కాస్త పెద్ద పరిమాణంలో పెట్టండి. రెండవది కీబోర్డు. విండోస్ 10లో 2019 నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది; భాష మార్చడానికి విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కాలి. పేరుకూ ఊరుకూ మధ్యలో ఈమెయిల్ గడి పెట్టారంటే ప్రతి వరుసకూ రెండుసార్లు భాష మార్చక తప్పదు. తెలుగులో రాసేవన్నీ ఒకచోట, ఇంగ్లీషు అక్షరాలవి చివర పెడితే ఆ బెడద తప్పుతుంది.

మొత్తం గడి గురించి చాలామంది ఒక ఆలోచన చేస్తారు. నూటపదహార్లు, ఐదువందల పదహార్లు, వెయ్యినూటపదహార్లు అని ఒక జాబితా ఇచ్చి ఎంచుకోమంటే సులువు గదా అని. చెన్నైలో అది రెండో పేజీకే చెడుతుంది, ఎందుకంటే తమిళ మిత్రులు 101, 501, 1001 చదివిస్తారు, ఆఫీసువాళ్లు అందరూ కలిసి వేసుకున్న మొత్తం మరే లెక్కకూ అందదు. అంకెలు టైప్ చేయడమే వేగం. ఫార్మాటెడ్ ఫీల్డ్ పెట్టి, దాని రూపాన్ని లక్షల పద్ధతిలో కామాలు పడేలా మార్చుకుంటే, ఒక సున్నా ఎక్కువ పడినప్పుడు కంటికి వెంటనే తెలుస్తుంది. గరిష్ఠ పరిమితి పెట్టవద్దు. మేనమామ చదివింపుకు పరిమితి ఏమిటి?

తప్పనిసరి గడుల విషయంలో నాది గట్టి అభిప్రాయం. పట్టిక డిజైన్‌లో ఎంట్రీ రిక్వైర్డ్ అనే సదుపాయం ఉంది కదా అని ఊరు, మొత్తం, ఫోన్ అన్నింటికీ అది పెట్టేస్తే, పుస్తకంలో ఊరు లేని చోట ఎక్కించేవారు ఒక చుక్కో గీతో పెట్టి ముందుకు సాగుతారు. అప్పుడు ఖాళీ గడికీ తెలియని సమాచారానికీ అబద్ధానికీ తేడా లేకుండా పోతుంది. వెండి కుంకుమభరిణె, చీర వంటివి ఇచ్చినవారికి మొత్తం అసలు ఉండదు. చదివింపుల పట్టికలో పేరు ఒక్కటే తప్పనిసరి చేయండి, చాలు.

తప్పులను పట్టుకోవడానికి నిషేధాలకంటే మంచి సాధనం పుస్తకంలోనే ఉంది. రాసేవారు ప్రతి పేజీ అడుగున కూడిక వేసి ఉంచుతారు. అందుకే నేను పేజీ సంఖ్య గడిని చేర్చాను. పేజీవారీగా మొత్తాలను కూడే ఒక చిన్న క్వెరీ రాసుకుంటే, పుస్తకం అడుగున ఉన్న అంకెతో దాన్ని పోల్చి చూడవచ్చు. తేడా వచ్చిన పేజీని మాత్రమే మళ్లీ చూడాలి. బ్యాంకులలోనూ డేటా ఎంట్రీ కేంద్రాలలోనూ కంట్రోల్ టోటల్ అని చేసేది ఇదే. అప్పుడప్పుడు పుస్తకంలోని కూడికే తప్పని తేలుతుంది, దానికి మండపంలో సందడిని తప్పుపట్టాలి.

తేదీ గడి వద్ద కొంచెం జాగ్రత్త అవసరం. సంవత్సరాన్ని రెండంకెలతో టైప్ చేస్తే అది ఏ శతాబ్దమో లిబ్రేఆఫీస్ తానే ఊహిస్తుంది. ఆప్షన్స్‌లోని జనరల్ పుటలో ఉన్న వందేళ్ల పరిధిని బట్టి ఆ ఊహ ఉంటుంది. తాతగారి కాలం నాటి పెళ్లిని ఎక్కించేవారు రాబోయే కాలంలో జరిగే పెళ్లిగా నమోదు చేసే ప్రమాదం ఇక్కడే ఉంది. తేదీ రూపాన్ని నాలుగంకెల సంవత్సరంతో కనిపించేలా మార్చితే పొరపాటు అక్కడికక్కడే కంటపడుతుంది.

ఇక ఈ రివ్యూలో నాకు ముఖ్యమైన భాగానికి వస్తున్నాను. డేటాబేస్ పాఠాలలో మనుషులకు ఒక పట్టిక, చదివింపులకు ఒక పట్టిక, మధ్యలో పేరును ఎంచుకునే ఒక జాబితా పెట్టె (లిస్ట్ బాక్స్) అని నేర్పుతారు. ఆ నిర్మాణం సరైనదే. కానీ ఎక్కించే సమయంలోనే ప్రతి పేరునూ మనుషుల జాబితాలో వెతికి ఎంచుకోమంటే పని నత్తనడక నడుస్తుంది. పుస్తకంలో కె. రమణ అని ఉంది. చెన్నైలో ఆ కె అనే పొడి అక్షరం ఇంటిపేరుదా, తమిళ పద్ధతిలో తండ్రి పేరుదా? నెల్లూరు నుంచి వచ్చిన రమణ అయితే ఇంటిపేరు కావచ్చు, పెరంబూరులో పుట్టి పెరిగిన రమణ అయితే తండ్రి పేరు కావచ్చు. దీన్ని తేల్చగలిగేది ఇంట్లో పెద్దవాళ్లు, టైప్ చేసే పిల్లలు కారు. అందుచేత మొదటి తెరలో పుస్తకంలో ఉన్నది ఉన్నట్టుగా, చుక్కతో సహా ఎక్కించాలి. ఎవరు ఎవరన్నది గుర్తుపట్టడానికి రెండవ తెర వేరుగా ఉండాలి.

ఆ రెండవ తెరను ఇప్పుడు చూపిస్తున్నాను. పుస్తకంలోని పేరూ ఊరూ ఇక్కడ చదవడానికి మాత్రమే కనిపిస్తాయి, పక్కన మనిషిని ఎంచుకునే ఒకే ఒక్క గడి ఉంటుంది. విజార్డ్ ఇక్కడ సంఖ్య టైప్ చేసే పెట్టెను ఇస్తుంది, పేర్ల జాబితాను ఇవ్వదు. బేస్‌లో నాకు నచ్చని మొదటి సంగతి ఇది. దాన్ని మనమే మార్చాలి. పెట్టె దాని లేబుల్‌తో జతకట్టి ఉంటుంది కనుక కంట్రోల్ కీ పట్టుకుని పెట్టె మీదే క్లిక్ చేసి, కుడి క్లిక్‌లో రీప్లేస్ విత్ ద్వారా లిస్ట్ బాక్స్‌గా మార్చి, డేటా పుటలో జాబితా రకాన్ని ఎస్‌క్యూఎల్‌గా (డేటాబేస్‌ను ప్రశ్నించే భాష) పెట్టి, మొదట పేరునూ తరువాత ఐడినీ తెచ్చే ఒక వాక్యం రాయాలి. ఇంటిపేరు, పేరు, ఊరు మూడింటినీ కలిపి చూపించే వాక్యం రాస్తే ఇద్దరు సుబ్బారావులు వేరుగా కనిపిస్తారు. ఎస్‌క్యూఎల్ రానివారికి ఇక్కడ సాయం కావాలి, అది దాచి లాభం లేదు. కొత్త మనిషిని చేర్చిన వెంటనే జాబితాలో ఆ పేరు కనిపించదు. రిఫ్రెష్ కంట్రోల్ నొక్కితే వస్తుంది.

ఈ పని మా ఇంట్లో ఎలా జరిగిందో ఒక్క మాట. మా పిన్ని పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. పేరు చదవగానే, "వీడు మన ఆవడి శేషయ్య మామయ్య అల్లుడురా, ఇంటిపేరు వేరు" అంటూ చెప్పుకుపోయింది. మొదటి తెరలోనే ఇదంతా కలిపి ఉంటే ఆ కబుర్లకు రెండో పేజీ దాటేవాళ్లం కాదు.

మూడవ తెర చూసుకోవడానికి. శుభలేఖ వచ్చిన రోజు ఇంటిపేరును బట్టి ఫలానావారు ఏయే కార్యాలకు ఎంత చదివించారో చూపించేది ఇది. విజార్డ్‌లోని సెట్ డేటా ఎంట్రీ మెట్టులో మార్చడం, తీసేయడం, చేర్చడం మూడింటినీ ఆపేయండి, లేకపోతే చూస్తున్నవారి చెయ్యి తగిలి అంకె మారిపోతుంది. అదే మెట్టులో కొత్త సమాచారం కోసం మాత్రమే అనే ఎంపిక కూడా ఉంది గాని, మన మొదటి తెరకు అది సరిపడదు, ఎందుకంటే నిన్న ఆపిన పెళ్లినే ఈ రోజు కొనసాగించాలి.

ఇతర ప్రోగ్రాంల సంగతి క్లుప్తంగా చెబుతాను. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ 1992 నుంచి ఉన్నది, దాని ఫారం డిజైనర్ బేస్ కంటే నునుపుగా ఉంటుంది, జాబితాలో లేని పేరును అడ్డుకునే ఏర్పాటు సిద్ధంగా ఉంటుంది. అయితే డబ్బు పెట్టి కొనాలి, మ్యాక్‌లో పనిచేయదు. గూగుల్ ఫారమ్స్‌తో తెర నిమిషాలలో తయారవుతుంది గాని, ఒక్కొక్క చదివింపునూ సబ్మిట్ చేస్తూ పోవాలి, వెనక్కి వెళ్లి దిద్దడానికి షీటులోకి దిగాలి. డాస్ కాలంలో డీబేస్ అనే డేటాబేస్ ప్రోగ్రాం వాడినవారికి ఇంకో విషయం గుర్తుండే ఉంటుంది. అప్పట్లో ఎనభై అక్షరాల వెడల్పు, పాతిక వరుసల తెరపై ఏ గడి ఏ వరుసలో ఉండాలో సే, గెట్ అనే ఆదేశాలతో చేత్తో రాసేవారు. చోటు లేనందువల్ల అనవసరమైన గడి ఒక్కటీ ఉండేది కాదు. ఇప్పుడు చోటుకు కొదవ లేదు, ఆ పొదుపు మనమే తెచ్చుకోవాలి.

బేస్ ఉచితం, ఇంటి అవసరానికి చాలినంత ఉంది, ఓపికగా ఒక ఆదివారం కూర్చోగలవారికి నేను దీన్నే సిఫారసు చేస్తాను. విండోస్‌లో లోపలి డేటాబేస్ పనిచేయడానికి జావాను విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. మరొక సంగతి పని మొదలుపెట్టకముందే తెలుసుకోండి. ఫారంలో వరుసను భద్రపరచడం వేరు, ఫైలును భద్రపరచడం వేరు. బేస్ లోపలి డేటాబేస్ అంతా ఒకే ఓడీబీ ఫైలులో ఉంటుంది, వరుసలు ఆ ఫైలులోకి చేరాలంటే ప్రధాన విండోలో కూడా సేవ్ నొక్కాలి. పుస్తకంలో ఒక పేజీ పూర్తయినప్పుడల్లా కూడిక సరిచూసి, ఫైలును సేవ్ చేసి, ఆ రోజు తేదీ పేరులో పెట్టి ఒక నకలును పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్న తరువాతే తరువాతి పేజీ తిప్పండి.