గాజుల గలగల, గోల్కొండ చప్పట్లు: మా క్లాసు సౌండ్ ప్రాజెక్టులు

[ధ్వని: గాజులు ఒకదానికొకటి తగిలే గలగల. దృశ్యం: లాడ్ బజార్ లక్క గాజుల దుకాణం.]

చార్మినార్ పక్కన లాడ్ బజార్, గుర్తుపట్టారు కదా. ఇప్పుడు ఇది వినండి.

[ధ్వని: సన్నటి వాన లాంటి హోరు.]

ఇవీ ఆ గాజులే! మా క్లాసులో ఈ వారం ఎలక్ట్రానిక్ మ్యూజిక్ ప్రాజెక్టులు వినిపించుకున్నాం. ఒకమ్మాయి చేసిన ఈ ముక్క నాకు అన్నిటికన్నా నచ్చింది.

[దృశ్యం: స్క్రీన్ మీద శబ్ద తరంగం ముక్కలవుతుంది.]

దీన్ని గ్రాన్యులర్ సింథసిస్ అంటారు. రికార్డింగును 10 నుంచి 100 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తారు. ప్రతి ముక్క మొదట్లో, చివర్లో వాల్యూమ్ సున్నాకి దించాలి, లేకపోతే కోసిన చోటల్లా టిక్కుమంటుంది. తర్వాత ఆ ముక్కల్ని ఒకదాని మీదికి ఒకటి ఎక్కేలా పేరుస్తారు. ఒక్కోదాన్నీ మళ్లీ మళ్లీ వాడితే శబ్దం సాగుతుంది, శ్రుతి మాత్రం మారదు.

సాఫ్ట్‌వేరులో ఇది చాలా తేలిక. అందుకే ఏ శబ్దం వేసినా ఒకేలాంటి హోరు చేసి వదిలేసేవాళ్లు ఎక్కువ. ఈ అమ్మాయి మాత్రం ముందు గాజుల్ని గాజుల్లాగే, వెనకాల బేరాలతో సహా వినిపించింది. తర్వాత ముక్కల నిడివి కొద్దికొద్దిగా తగ్గించింది. గాజులు ఎక్కడ కరిగిపోయాయో మన చెవికి తెలుస్తుంది.

ఇలా మామూలు శబ్దాలతో సంగీతం చేయడం కొత్తేం కాదు. 1948లోనే పారిస్‌లో పియెర్ షెఫేర్ అనే రేడియో ఇంజనీరు రైళ్ల శబ్దాల్ని డిస్కుల మీద రికార్డు చేసి, వాటితోనే సంగీతం కట్టాడు. శబ్దం దేని నుంచి పుట్టిందో పక్కనపెట్టి శబ్దాన్నే వినాలని తర్వాత వాదించాడు. నాకైతే అవి గాజులని తెలిసి వినడమే ఇష్టం.

రెడీమేడ్ లూపులతో, అంటే మళ్లీ మళ్లీ తిరిగే సంగీతం ముక్కలతో, బీట్లు చేసినవాళ్లూ ఉన్నారు. శుభ్రంగా ఉన్నాయి, అంతే.

[దృశ్యం: గోల్కొండ, ఫతే దర్వాజా.]

ఇక్కడ చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తాయని మనందరికీ తెలుసు. మా క్లాస్‌మేట్ ఒకడు ఆ దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొట్టి, ప్రతిధ్వని రికార్డు చేశాడు. దాన్ని కన్వల్యూషన్ రివర్బ్‌లో (ఒక చోటి ప్రతిధ్వనిని వేరే శబ్దానికి అద్దే సాఫ్ట్‌వేరు) వేస్తే, గదిలో పాడిన పాట కూడా గుమ్మటం కింద పాడినట్టే మోగుతుంది. ఆలోచన అద్భుతం, కానీ చప్పట్లలో బేస్ తక్కువ. అందుకే మంద్రస్థాయిలో పాడినప్పుడు గుమ్మటం పలకలేదు. బెలూన్ పగలగొట్టినా నయమే. స్పీకర్లో కింది నుంచి పైదాకా జారే స్వరం వినిపించి రికార్డు చేస్తే ఇంకా మంచిది.

"బాగుందిరా" అని ఊరుకోకుండా ఈ మాటే చెప్పాను. ఆదివారం పొద్దున్నే, జనం రాకముందే మళ్లీ వెళ్తున్నాడు. ఈసారి ఎడిట్ చేయని రికార్డింగ్ కూడా క్లాసులో వినిపించమని అడిగాను.