కూల్చినవాళ్లతోనే కట్టించారు: లండన్ కార్ల్‌టన్ టావెర్న్ కథ

నమస్తే అండీ. స్క్రీన్ మీద చూస్తున్నారు కదా, ఇది లండన్‌లో కిల్‌బర్న్ దగ్గరున్న కార్ల్‌టన్ టావెర్న్. ఎర్ర ఇటుక, బయట మెరిసే టైల్స్. నూరేళ్ల కట్టడంలా ఉంది కదూ? ఈ గోడలకి నిండా పదేళ్లు లేవు.

పబ్ అనగానే మనవాళ్లకి డీజే, రంగుల లైట్లు గుర్తొస్తాయి. ఇంగ్లండులో పాతకాలపు పబ్ అలా ఉండదు. అది పేటకి చెందిన చోటు. సాయంత్రమైతే ఇరుగుపొరుగు చేరతారు, కుటుంబాలతో వచ్చి భోంచేస్తారు, ఎవరైనా పోతే అంత్యక్రియలు అయ్యాక అందరూ కూర్చునేది కూడా అక్కడే.

ఈ పబ్‌ని 1920-21లో చారింగ్టన్ అనే బీరు కంపెనీ కట్టించింది. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద జర్మన్ బాంబులు పడ్డా ఇది నిలబడింది. లోపల 1920ల నాటి అలంకరణ దాదాపు చెక్కుచెదరలేదు. అందుకే దీన్ని రక్షిత కట్టడాల జాబితాలో చేర్చాలన్న పరిశీలన మొదలైంది. సరిగ్గా ఆ సమయంలో, 2015 ఏప్రిల్‌లో, యజమానిగా ఉన్న రియల్ ఎస్టేట్ కంపెనీ దాన్ని కూల్చేసింది. అనుమతి లేదు. ఆ స్థలంలో ఫ్లాట్లు కట్టాలన్నది వాళ్ల ఆలోచన.

మామూలుగా అయితే ఏమవుతుంది? జరిమానా కట్టేస్తారు, ఫ్లాట్లు లేస్తాయి, జనం మర్చిపోతారు. ఇక్కడ జనం మర్చిపోలేదు. వేల మంది కదిలారు. అక్కడి స్థానిక పాలక సంస్థ వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ జరిమానాతో సరిపెట్టకుండా, ఉన్నది ఉన్నట్టు మళ్లీ కట్టమని ఆదేశించింది. కంపెనీ అప్పీలుకి వెళ్లింది, విచారణ జరిగింది, 2016లో అక్కడా ఓడిపోయింది.

నన్ను బాగా కదిలించిన విషయం ఇప్పుడు చెప్తాను. నేలమట్టమైన దాన్ని అచ్చం అలాగే ఎలా కడతారు? పరిశీలనకి వచ్చిన వారసత్వ నిపుణులు కూల్చివేతకి ముందే టైల్స్‌కి ప్లాస్టర్ అచ్చులు తీసి, వివరాలన్నీ రాసి పెట్టుకున్నారు. ఆ అచ్చులూ ఆ కాగితాలే లేకపోతే ఎంత గట్టి ఆదేశం ఇచ్చినా, దేన్ని చూసి కట్టాలి? శిథిలాల్లో దొరికిన పాత సామానులో కొంత కూడా మళ్లీ వాడారు. 2021 ఏప్రిల్‌లో తలుపులు తెరుచుకున్నాయి.

కొత్తగా కట్టింది పాతదవుతుందా అని కొందరు అడుగుతారు. కాదండీ, నూరేళ్లు చేతులు తగిలి అరిగిన చెక్క మళ్లీ రాదు. అయినా ఈ ఆదేశం సరైనదేనని నా గట్టి నమ్మకం. ఎందుకంటే, కూల్చి జరిమానా కడితే చాలన్న లెక్క ఇక్కడ చెల్లలేదు. 2017 నుంచి ఇంగ్లండులో ఏ పబ్‌ని కూల్చాలన్నా ప్లానింగ్ అనుమతి తప్పనిసరి.

2023 ఆగస్టులో స్టాఫర్డ్‌షైర్‌లోని క్రూకెడ్ హౌస్ తగలబడింది. 1765 నాటి ఇల్లు, కింద గనులు తవ్వడంతో ఒక పక్కకి ఒరిగిపోయి ప్రసిద్ధికెక్కిన పబ్ అది. మంటలు లేచిన రెండు రోజులకే మిగిలిన గోడల్ని కూడా కూల్చేశారు. అప్పుడు జనం వెంటనే కార్ల్‌టన్ పేరే ఎత్తారు. 2024 ఫిబ్రవరిలో అక్కడి కౌన్సిల్ కూడా అదే ఆదేశం ఇచ్చింది: ఎలా ఉండేదో అలాగే కట్టండి.