ఎవరూ తిట్టలేదు, అయినా ఇల్లు దొరకలేదు

(తెరపై: టోక్యోలో ఓ వీధి. ఇళ్ల ఏజెన్సీ అద్దాల మీద అంటించిన ఇంటి ప్లాన్లు.)

టోక్యోలో అద్దెకు ఇల్లు కావాలంటే చాలామంది ముందు వెళ్లేది ఇలాంటి ఏజెన్సీకే. లోపలికి వెళ్లగానే వంగి నమస్కారం పెట్టి కూర్చోబెడతారు. మీకు నచ్చిన ఇంటి కాగితం తీసి, ఏజెంట్ ఓనర్‌కు ఫోన్ కలుపుతాడు. మీ జీతమెంతో, ఉద్యోగమేంటో ఇంకా చెప్పనే లేదు. ముందు అడిగే మాట ఇదీ: "వచ్చినవాళ్లు విదేశీయులండీ, పర్లేదా?" ఓనర్ ఏమన్నాడో మీకు వినపడదు. ఏజెంట్ ఫోన్ పెట్టేసి, నిజంగానే నొచ్చుకుంటూ "ఈ ఇల్లు కుదరదటండీ, క్షమించాలి" అంటాడు. ఇంకో కాగితం తీస్తాడు. మళ్లీ ఫోన్.

ఇలా ఎంతమందికి జరుగుతోంది? జపాన్ న్యాయశాఖే విదేశీయుల మీద ఒక సర్వే చేయించి, 2017లో ఫలితాలు బయటపెట్టింది. అంతకు ముందు ఐదేళ్లలో ఇల్లు వెతుక్కున్నవాళ్లలో 39 శాతం మంది, విదేశీయులన్న కారణంతోనే తమకు ఇల్లు ఇవ్వలేదని చెప్పారు. "విదేశీయులకు ఇవ్వబడదు" అన్న ప్రకటన చూసి ఆశ వదులుకున్నామని దాదాపు 27 శాతం మంది చెప్పారు.

(తెరపై: జపాన్ మ్యాప్, దానిపై అంకెలు.)

జపాన్ జనాభా 12 కోట్ల పైచిలుకు. 2024 చివరికి అక్కడ ఉంటున్న విదేశీయులు సుమారు 37 లక్షల 70 వేల మంది, అంటే వందకు ముగ్గురు. అందులో మన దేశం వాళ్లు 50 వేలు దాటారు. టోక్యోలోని నిషికసాయ్‌లో మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలు ఎక్కువ, తెలుగువాళ్లూ ఉన్నారు. కానీ చాలామంది ఓనర్లకు విదేశీయుడితో దగ్గరి పరిచయం ఉండదు. చెత్తను రకాలుగా విడదీసి, ఏ రోజుది ఆ రోజే బయట పెట్టరేమో, రాత్రిళ్లు గోల చేస్తారేమో, అద్దె ఎగ్గొట్టి దేశం వెళ్లిపోతారేమో అని భయం. ఎక్కడో ఒకరు చేశారని విన్నది అందరికీ అంటుకుంటుంది. అదే పని పక్కింటి జపనీస్ కుర్రాడు చేస్తే, ఆ తప్పు ఆ కుర్రాడి ఒక్కడిదే.

మనసులో ఇలా తెలియకుండా పడే ముడిని శాస్త్రంగా కొలిచినవాళ్లలో ఒకరు మనకు బాగా దగ్గరివారు. సికింద్రాబాద్‌లో పుట్టి, నిజాం కాలేజీలో, ఉస్మానియాలో చదువుకుని, తర్వాత హార్వర్డ్ ప్రొఫెసరైన మహజరీన్ బనాజీ. ఆమె, ఆంథొనీ గ్రీన్‌వాల్డ్, బ్రయాన్ నోసెక్ కలిసి 1998లో ఒక పరీక్షను ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో పెట్టారు.

(తెరపై: రెండు బటన్లు, వరసగా మారుతున్న ముఖాలు, మాటలు.)

వయసు మీద ఉన్న పరీక్షే తీసుకోండి. కుర్రవాళ్ల ముఖం గానీ, మంచి మాట గానీ వస్తే ఎడమ బటన్ నొక్కాలి. ముసలివాళ్ల ముఖం గానీ, చెడ్డ మాట గానీ వస్తే కుడి బటన్. కాసేపయ్యాక జతలు మార్చేస్తారు, ముసలి ముఖానికీ మంచి మాటకీ ఒకే బటన్. ఇక్కడే చాలామందికి వేళ్లు తడబడతాయి. ఆ ఆలస్యం సెకనులో చిన్న ముక్క, కంప్యూటర్ దాన్నే లెక్కపెడుతుంది. పెద్దవాళ్లంటే ప్రాణం పెట్టేవాళ్లకూ ఆలస్యం వస్తుంది. అయితే స్కోరు చూసి ఫలానా మనిషి రేపు ఇలా ప్రవర్తిస్తాడని చెప్పలేం. ఆ విషయంలో పరిశోధకుల మధ్య గట్టి వాదనలే నడిచాయి.

ఇల్లు దొరికాక కూడా విదేశీయుడన్న ఈ చూపు వదలదు. హోటల్లో మీరు చక్కటి జపనీస్‌లో ఆర్డర్ చెప్తారు. వెయిటర్ మీ పక్కనున్న జపనీస్ ఫ్రెండ్ వైపు తిరిగి జవాబిస్తాడు. రైల్లో అందరూ నిలబడి ఉన్నా మీ పక్క సీటు ఒక్కటే ఖాళీగా ఉంటుంది. ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంటున్నవాళ్లను కూడా "మీ దేశం ఎప్పుడు వెళ్లిపోతారు?" అని ప్రేమగానే అడుగుతారు. ఒక్కొక్కటీ చూస్తే చిన్నదే, నిజమే. కానీ రోజూ పడుతుంటే మనిషికి ఎంత అలసటో, పడినవాళ్లకే తెలుసు. అక్కడే పుట్టినవాళ్లకూ తప్పలేదు. తండ్రి భారతీయుడైన ప్రియాంక యోషికావా 2016లో మిస్ వరల్డ్ జపాన్ గెలిస్తే, "అసలైన జపనీస్ అమ్మాయిని ఎన్నుకోవాల్సింది" అన్నవాళ్లున్నారు.

ఒటారు ఊరి కథ మాత్రం కాస్త ఆగి చెప్పాలి. ఉత్తరాన హొక్కయిడోలో ఉన్న ఓడరేవు అది. కొందరు రష్యన్ నావికులు తాగి వచ్చి అల్లరి చేస్తున్నారని ఒక పబ్లిక్ స్నానశాల యజమాని విదేశీయులెవరూ రాకూడదని బోర్డు పెట్టాడు. అమెరికాలో పుట్టిన అరుదో డెబితో అక్కడికి వెళ్తే 1999లో వెనక్కి పంపేశారు. తర్వాత ఆయన జపాన్ పౌరసత్వం తీసుకుని, ఆ కాగితాలతో మళ్లీ వెళ్లాడు. అప్పుడూ రానివ్వలేదు, చూడ్డానికి విదేశీయుడిలా ఉన్నాడు కాబట్టి. అడ్డం వచ్చింది ముఖం, పాస్‌పోర్ట్ కాదు. 2002లో సప్పొరో కోర్టు అది వివక్షేనని తేల్చి, ఆయనతో పాటు కేసు వేసిన మరో ఇద్దరికీ కలిపి ముగ్గురికి తలా పది లక్షల యెన్లు ఇవ్వమంది.

బోర్డు పెడితే సాక్ష్యం దొరుకుతుంది. ఫోన్లో మెల్లగా అన్న మాటకు సాక్ష్యం ఎక్కడిది? జాతి వివక్షను మొత్తంగా నిషేధించే చట్టం జపాన్‌లో లేదు. 2016లో తెచ్చిన చట్టం ద్వేష ప్రసంగాల గురించి, అందులోనూ శిక్షలు లేవు. ఇక మనసులు మార్చే శిక్షణ తరగతులంటారా, ఇందాకటి బటన్ల పరీక్ష స్కోర్లలో వచ్చిన మార్పు రోజుల్లోనే కరిగిపోయిందని ప్రయోగాల్లో తేలింది. అందుకే నా నమ్మకం, మార్చాల్సింది ముందు ఆ ఫోన్ కాల్‌ని.

అది కుదిరే పనే. జపాన్‌లో యూఆర్ అని ప్రభుత్వ సంస్థ అద్దె ఇళ్లున్నాయి. అక్కడ ఓనర్‌ను అడిగే పనే లేదు. అర్హతలు ముందే రాసి పెట్టి ఉంటాయి: తగిన వీసా, ఇంత ఆదాయం. హామీదారు అక్కర్లేదు, ఓనర్‌కు కానుకగా ఇచ్చే డబ్బూ ఉండదు, డిపాజిట్ రెండు నెలల అద్దె. ఆదాయం సరిపోకపోతే ఏడాది అద్దె ముందే కట్టి చేరొచ్చు. చాలా ఇళ్లు ముందు వచ్చినవాళ్లకే. కొత్తగా టోక్యో వెళ్తున్నవాళ్లు ఏజెన్సీ మెట్లెక్కే ముందు యూఆర్ ఆఫీసుకు ఒకసారి వెళ్లి చూడండి. అక్కడివాళ్లు మీ రెసిడెన్స్ కార్డు (అక్కడ ఉండే అనుమతి కార్డు), జీతం కాగితాలు అడుగుతారు. మిమ్మల్ని ఇష్టపడాల్సిన అవసరం అక్కడ ఎవరికీ ఉండదు.